ఈ బురద ఎవరి చేనిది?

వంకలో నీళ్లు ఎర్రగా పారితే మిట్టన గరుసు చేలల్లో వాన పడిందని, నల్లగా పారితే పల్లాన రేగట్లో పడిందని ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు పల్లెల్లో పిల్లలు కూడా చెప్తారు. ఎద్దులు తోలుకొని వంక దాటాల్సిన వాళ్లకు ఆ మాత్రం తెలియకపోతే కుదరదు. నేను చేసే పని ఆ తెలివి ఆగిన చోట మొదలవుతుంది. ఎర్రగా వచ్చిన బురద ఎర్రచేని పైమట్టా, ఆ చేని పక్కనే కూలిన వంక ఒడ్డుదా? నల్లగా వచ్చింది రైతు గుంటక తోలి వదిలిన రేగడా, నిలువెత్తు లోతున ఎన్నడూ ఎండ చూడని అడుగుమట్టా? రంగు ఒకటే, కంటికి తేడా తెలియదు. చెరువు పూడకుండా కాపాడాలంటే మాత్రం ఆ తేడా తెలిసి తీరాలి. మొదటిదానికి మందు చేలో ఉంది, రెండోదానికి మందు వంకలో ఉంది.

నదిలో, వంకలో కొట్టుకొచ్చే ఒండ్రు ఏయే నేలల నుంచి ఎంతెంత వచ్చిందో లెక్క తేల్చడం నా వృత్తి. నేలల శాస్త్రం చదువుకొని ఇందులోకి వచ్చాను. తుంగభద్రలో ప్రవాహం ఎంత, అందులో బురద ఎంత అన్నది కేంద్ర జలసంఘం మంత్రాలయం దగ్గర ఏళ్ల తరబడి కొలుస్తూ వస్తోంది. ఆ అంకెలు లేకపోతే మాకు అడుగు పడదు. అయితే లీటరు నీళ్లలో ఇన్ని గ్రాముల బురద ఉందని తేలినంత మాత్రాన ఆ గ్రాములు ఎక్కడివో తెలిసినట్టు కాదు.

తెలియాల్సిన అవసరం ఎంతుందో చెప్పడానికి తుంగభద్ర డ్యాం ఒక్కటి చాలు. 1953లో నీళ్లు నిలిపిననాడు అందులో 133 టీఎంసీలు పట్టేవి. 2016 సర్వే నాటికి పట్టేది 105.788 టీఎంసీలు. 27 టీఎంసీలకు పైగా చోటును బురద ఆక్రమించింది. ఆ డ్యాం కుడివైపు నుంచి బయల్దేరే దిగువ కాలువ, మా వాడుకలో ఎల్‌ఎల్‌సీ, ఆదోని, ఎమ్మిగనూరు, కోడుమూరు వైపు లక్షన్నర ఎకరాలకు నీళ్లివ్వాలి. ఆ కాలువకు ఆంధ్ర వాటాగా ఉన్నది 29.5 టీఎంసీలు. రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. డ్యాంలో బురద నిండిన చోటు, మా కాలువకు ఏడాది పొడుగునా రావలసిన నీళ్లకు దరిదాపుగా ఉంది. కాలువ కొసన ఉన్న రైతు తన మడికి నీళ్లు అందలేదని మొరపెట్టుకున్నప్పుడు దానికి సవాలక్ష కారణాలు చెప్తారు. వాటిలో ఇదొకటని అతనికి చెప్పేవాళ్లు తక్కువ.

డ్యాం ఎందుకు పూడిందని హొసపేట నుంచి కర్నూలు దాకా ఎవరినడిగినా తలా ఒక జవాబు. సండూరు గనులంటారు కొందరు. మలెనాడులో అడవి కొట్టేశారంటారు ఇంకొందరు. చివరికి అందరూ కలిసి వేలు చూపేది రైతు మీదికే. వాలుకు అడ్డంగా దున్నడు, గెనిమలు నిలబెట్టడు, చేను కోసుకుపోతుంటే చూస్తూ కూర్చుంటాడు అని. సభల్లో ఈ మాట వినీ వినీ నాకు విసుగు పుట్టింది. కొలవకుండా నింద వేయడం ఎవరికీ తగదు, రైతు విషయంలో అసలే తగదు. తన చేని పైమట్టి పోతే అందరికంటే ముందు నష్టపోయేది అతనే.

వాదులాట పక్కన పెట్టి కొలిచి చూపిన సందర్భం ఈ నది తలాపునే ఉంది. భద్ర పుట్టే పడమటి కనుమల్లో కుద్రేముఖ్ ఇనుప గని ఉండేది. అక్కడి వాగుల్లో వానాకాలం నీళ్లనూ బురదనూ కొలిచిన పరిశోధకులు, పరీవాహక ప్రాంతంలో గని తవ్విన నేల చాలా చిన్న భాగమే అయినా భద్రలో దిగే బురదలో పెద్ద వాటా దానిదేనని చూపారు. సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 2005 చివర ఆ గని మూతపడింది. విస్తీర్ణాన్ని బట్టి నేరం పంచితే అడవికీ తోటలకూ ఎంతో పడేది. కొలిచారు కాబట్టి ఎక్కడిది అక్కడికి చేరింది.

మా పద్ధతి సూత్రం చెప్పడానికి తేలిక. బురద ఎక్కడెక్కడి నుంచి రావడానికి వీలుందో ఆ నేలలన్నీ ముందు నడిచి చూస్తాం. ఎర్రచేలు, రేగడి చేలు, బీళ్లు, కొండవాలు, వంక ఒడ్లు. ఒక్కో రకం నేల నుంచి చాలా చోట్ల మట్టి తీస్తాం. ఇనుప పారతో తీస్తే ఆ ఇనుము మట్టికి అంటి లెక్క చెడుతుంది, అందుకని ప్లాస్టిక్ తాపీ వాడతాం. తర్వాత వంకలో, చెరువులో చేరిన ఒండ్రు తీస్తాం. అన్నిటినీ ఎండబెట్టి, నూరి, 63 మైక్రాన్ల జల్లెడలో దిగిన సన్న నలుసును మాత్రమే పరీక్షకు పెడతాం. లోహాలు సన్న నలుసుకు ఎక్కువగా అంటుకుంటాయి. ముతక మట్టి పక్కన సన్నమట్టిని పెట్టి పోలిస్తే వచ్చే తేడా నేలది కాదు, నలుసు సైజుది.

ఆ తర్వాత గుర్తుల కోసం వెతుకులాట. ఆదోని కొండల గ్రానైటు శిథిలమై ఏర్పడిన ఎర్రమట్టిలో పొటాషియం, రుబీడియం ఒక తీరున ఉంటాయి. సండూరు వైపు, జొన్నగిరి వైపు ఉన్న ధార్వాడ శిలల మట్టిలో ఇనుము, క్రోమియం, వెనేడియం ఎక్కువ కనిపిస్తాయి. గుర్తు ఏదైనా దారిలో మారకుండా నిలవాలి. రేగడి కింద సున్నపు గడ్డల వల్ల కాల్షియం దండిగా ఉంటుంది, చూడగానే ఆశ పుడుతుంది. కానీ అది నీళ్లలో కరుగుతుంది కాబట్టి దాన్ని నమ్మం. ఎరువుల వల్ల చేని మట్టిలో భాస్వరం ఎక్కువే, కానీ చెరువు అడుగున గాలి ఆడని చోట అది మట్టిని వదిలేస్తుంది. ఒండ్రులో వచ్చిన అంకె, మూలాలన్నిటి అంకెల మధ్య ఎక్కడా పడకపోతే ఆ గుర్తును తీసి పక్కన పెడతాం. ఇన్ని వడపోతలు దాటి నిలబడ్డ కొన్ని గుర్తులతో, ఏ మూలం ఎంత పాళ్లలో కలిస్తే ఈ ఒండ్రు తయారవుతుందో కంప్యూటరు మీద లెక్క వేస్తాం. ఈ దారి వేసినవాళ్లలో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి చెందిన డెస్మండ్ వాలింగ్ ముఖ్యుడు. 1970ల చివర ఆయన, సహచరులు మట్టి అయస్కాంత గుణాలతో మొదలుపెట్టారు.

పైమట్టినీ అడుగుమట్టినీ విడదీయడానికి మాత్రం రసాయనాలు సరిపోవు. కిందా పైనా ఒకే రాతి నుంచి పుట్టిన మట్టి కదా. అక్కడ అక్కరకొచ్చేది అణుబాంబు పరీక్షల ధూళి. 1950లలో, 60లలో ఆరుబయట పేల్చిన బాంబుల నుంచి సీజియం-137 అనే పదార్థం ప్రపంచమంతా తిరిగి వానతో పాటు నేలకు దిగింది. 1963 ప్రాంతంలో అందరి నేలల మీదా ఎక్కువగా పడింది. బంకమట్టి దాన్ని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. సగానికి తగ్గడానికి 30 ఏళ్లు పడుతుంది, కాబట్టి ఈనాటికీ దొరుకుతుంది. చేని పైమట్టిలో అది ఉంటుంది. వంక ఒడ్డు లోతుల్లోని మట్టి మీద ఆ వాన పడలేదు, కాబట్టి అక్కడ ఉండదు. చెరువు బురదలో సీజియం బాగా ఉంటే చేలు కోసుకుపోతున్నాయని, లేకుంటే ఒడ్లు కూలుతున్నాయని అర్థం. సూత్రంగా ఇంతే. పనిగా చూస్తే ఓపికకు పరీక్ష. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో ఆ ధూళి తక్కువ పడింది. అందువల్ల మన మట్టి డబ్బా ఒక్కోటీ జెర్మేనియం డిటెక్టరు ముందు దాదాపు ఒక రోజంతా ఉండాలి. అప్పటికి గాని నమ్మదగిన అంకె రాదు.

పుస్తకంలో లేని చిక్కు మా రేగడితో వస్తుంది. ఎండాకాలం హొళగుంద, కౌతాళం వైపు రేగడి చేలల్లో నెర్రెలు చూడండి. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. తొలి వాన పడీ పడకముందే పైమట్టి, పత్తి ఆకు, జొన్న మోళ్ల పొడి అంతా ఆ నెర్రెల్లోకి రాలుతుంది. నేల తడిసి ఉబ్బి నెర్రె మూసుకుపోతే పైదంతా లోపలే ఉండిపోతుంది. ఏటా ఇదే తంతు. చల్లటి దేశాల్లో అర జానెడు లోపు ఉండే సీజియం, ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు లోతున తగులుతుంది. అది తెలియకుండా రేగడి ఒడ్డును పైపైన గీకి అడుగుమట్టి అని రాసుకుంటే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది. మేం నెర్రె ఎక్కడ ఆగిందో చూసుకొని, దానికి బాగా దిగువన ఒడ్డును లోపలికి చెక్కి, గాలి తగలని మట్టి తీస్తాం. చేలో అయితే పై పొర ఒకటే కాకుండా దాని కింద కూడా పొరలవారీగా తీయాల్సిందే. శ్రమ రెట్టింపు. ఈ నేలలో మరో దారి లేదు.

ఈ నేలలు శాస్త్రజ్ఞులకు కొత్తవి కావు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. మరుసటి ఏడే బళ్లారిలో నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం వెలిసింది. రేగట్లో గట్టు ఎంత దూరానికి ఒకటి ఉండాలి, ఎక్కడ తెగుతుంది, నీళ్లు ఎటు వదలాలి అని వాళ్లు దశాబ్దాలుగా చూసినవన్నీ సరిహద్దుకు ఇవతల మాకూ వర్తిస్తాయి. ముంగారు (తొలకరి) వానలకు లోతు రేగడిని ఖాళీగా ఉంచి, పదును పట్టించి, హింగారులో (వెనకటి వానల్లో) జొన్న, శనగ వేయడం ఇక్కడి పాత అలవాటు. తడి దాచుకోవడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. అయితే వానలు జోరుగా పడే రోజుల్లో నేల మీద పచ్చ ఉండదు. పైమట్టి పోవడం నిజమే, దాన్ని నేను కాదనను. వంకలోకి దిగిన బురద అంతా అదేనా అన్నదే నా ప్రశ్న.

సీజియం లెక్కకు దున్నని, తవ్వని, మట్టి పోని, చేరని సమతలం ఒకటి కావాలి. 1960లలో పడ్డది పడ్డట్టు ఉన్న చోటన్నమాట. ప్రతి గజమూ సాగులో ఉన్న ప్రాంతంలో అది దొరకడం గగనం. ఊరి పొలిమేర దేవతల చుట్టూ వదిలిన బీడు, పాత గోరీల స్థలాలు మాకు దిక్కు. వెళ్లి పెద్దమనుషులతో మాట్లాడి, ఎందుకో వివరంగా చెప్పి, ఒప్పుకుంటేనే గొట్టం దింపుతాం. ఒక ఊళ్లో పూజారి తాత మా సంచులన్నీ చూసి, "ఏం సారూ, ఈడగూడ వజ్రాలు ఉండాయంటనా?" అన్నాడు. "వజ్రాలు కాదు తాతా, మట్టి యాడిదో చూసేదానికి" అన్నాను. "మట్టి యాడిదైతేనేం, చెరువైతే నిండిపాయ కదప్పా. దాన్ని ఎత్తేదెవరో అది చూడు ముందు" అని తనే దారి చూపించాడు.

ఆయన అనుమానం ఊరికే రాలేదు. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో జనం వజ్రాల కోసం వంగి వెతుకుతూ నడుస్తారు. వాన సన్నమట్టిని కడుక్కుపోయి రాళ్లను పైకి తేలుస్తుంది, అందుకే వాన పడ్డ మర్నాడే వెతుకులాట. ఇదీ మా విద్యకు దగ్గరి చుట్టమే. వజ్రకరూరు పక్క కింబర్లైటు శిల కోసం వెతికే భూగర్భ శాస్త్రజ్ఞులు వంక ఇసుకను కడిగి, ఎర్రటి పైరోప్ గార్నెట్, పచ్చటి క్రోమ్ డయాప్సైడ్, నల్లటి ఇల్మనైట్ గింజలు ఏరుతారు. వజ్రం అరుదు, ఈ గింజలు అంత అరుదు కావు. గింజలు దొరికే కొద్దీ ఎగువకు నడుస్తారు. ఎక్కడైతే అవి ఒక్కసారిగా ఆగిపోతాయో, ఆ చుట్టుపక్కలే తల్లిశిల ఉండాలి. వాళ్లు రాతిని వెతుకుతారు, మేం నష్టాన్ని వెతుకుతాం. నడిచే దారి మాత్రం ఒకటే, దిగువ నుంచి ఎగువకు.

పారే నీళ్లలోంచి బురద పట్టడానికి పెద్ద యంత్రాలేమీ లేవు. 2000లో ఇంగ్లండ్‌లో ఫిలిప్స్, రసెల్, వాలింగ్ చెప్పిన ఏర్పాటు ఒకటుంది. మీటరు పొడుగు ప్లాస్టిక్ గొట్టం, రెండు కొసలూ మూసి, ముందూ వెనకా నాలుగు మిల్లీమీటర్ల సన్న రంధ్రం. ముందు రంధ్రంలోంచి దూరిన నీళ్లు వెడల్పు గొట్టంలోకి రాగానే నెమ్మదిస్తాయి, మోసుకొచ్చిన నలుసు అక్కడే దిగబడుతుంది. బోరు సామాన్ల దుకాణంలో దొరికే నాలుగంగుళాల పైపుతో మేమే చేసుకుంటాం. వంక నడుమ ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, గొట్టాన్ని నీటి వాలుకు కట్టేస్తాం. మా వంకలు ఏడాదిలో చాలాకాలం ఎండి ఉంటాయి. వస్తే గంటల్లో వచ్చి గంటల్లో పోతాయి. రాత్రి పూట వచ్చే వరదను కాపలా కాసి ముంతతో ముంచుకోవడం అయ్యే పని కాదు. గొట్టమైతే నిద్రపోదు. తెల్లారి పోయి చూస్తే కడ్డీలకు పత్తికట్టె, ప్లాస్టిక్ సంచులు, తుమ్మకొమ్మలు చుట్టుకొని ఉంటాయి. వాటిని తీసి మూత విప్పితే అడుగున గోధుమరంగు ముద్ద. రాత్రి కురిసిన వాన తాలూకు సాక్ష్యమంతా అందులోనే.

రైతులకు ఈ సంగతి ఎట్లా చెప్పాలో నాకు నేర్పింది డిటెక్టరు కాదు, టీ గ్లాసు. రెండు గాజు గ్లాసుల్లో వాననీళ్లు పోస్తాను. ఒకదాంట్లో చేని పైమట్టి పెళ్ల, రెండోదాంట్లో వంక ఒడ్డు అడుగున చెక్కిన పెళ్ల నెమ్మదిగా వదులుతాను. కదపకూడదు. పైమట్టి పెళ్ల బుడగలు వదిలి, విచ్చి, చిన్న చిన్న గుళికలుగా అడుగున కూర్చుంటుంది. పైన నీళ్లు తేటగానే ఉంటాయి. అడుగుమట్టి పెళ్ల చుట్టూ మాత్రం కాసేపటికి పొగలాంటి మబ్బు లేస్తుంది. టీ తాగి, బీడీ కాల్చుకొని వచ్చి చూసినా ఆ మబ్బు దిగదు, ఇంకా పెరుగుతుంది. మర్నాటికి గ్లాసంతా కలకే. లోతు రేగడి అడుగున చాలాచోట్ల సోడియం పాలు ఎక్కువ. సోడియం ఉన్న బంకమట్టి తేటనీళ్లు తగలగానే నలుసు నలుసుగా విడిపోతుంది, అలా విడిపోయింది నిలకడ నీళ్లలో కూడా దిగదు. చౌడు చేను చూసిన రైతుకు ఇది వెంటనే ఎక్కుతుంది. "అంటే సారూ, ఒక తట్ట ఒడ్డుమట్టి చాలు, చెరువు నీళ్లన్నీ కలకెక్కేదానికి" అన్నాడొకాయన. నేను ఎన్ని పటాలు గీసినా అంత సూటిగా చెప్పలేకపోయేవాణ్ణి.

ఒడ్డు కూలేది వరద ఉధృతంగా ఉన్నప్పుడే అనుకుంటారు. దగ్గరుండి చూస్తే ఎక్కువగా కూలేది వరద తీసిన తర్వాత. నీళ్లు నిండుగా ఉన్నంతసేపు ఒడ్డును అవే ఆనించి పట్టుకుంటాయి. గంటలో వంక దిగిపోతే ఆ ఆనిక పోతుంది, ఒడ్డు మాత్రం తడిసి బరువెక్కి ఉంటుంది. మొదట చేని అంచుకు బెత్తెడు దూరంలో సన్నని చీలిక. తర్వాత ఆ పెళ్ల కొద్దిగా వంకలోకి ఒరుగుతుంది. పైనున్న కందిమొక్కలు నిలబడే ఉంటాయి, నిలబడే కిందికి జారతాయి. కూలిన మట్టి ఆ రోజు ఎక్కడికీ పోదు. ఒడ్డు కింద కుప్పగా ఉండి, మళ్లీ వచ్చే వరదకు సిద్ధంగా ఉంటుంది. అందుకే చిన్న వానకు కూడా ఒక్కోసారి విపరీతమైన బురద వస్తుంది. వాన చిన్నదే, కుప్ప పెద్దది.

పశ్చిమ కర్నూలులో ఒక పాత చెరువు, ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. అందులో ఎండాకాలం నిలువు గుంట తవ్వి పొరపొరగా మట్టి తీశాం. చుట్టూ చేలు వాలుగా ఉన్నాయి, గెనిమలు అంతంత మాత్రం. ఊరివాళ్లూ, మా వాళ్లలో కొందరూ పైమట్టే అనుకున్నారు. అడుగు పొరల్లో సీజియం బొత్తిగా లేదు. అవి బాంబుల కాలానికి ముందువి, కాబట్టి లేకపోవడం సహజం. నడిమి పొరల్లో బాగా ఉంది. అది చేలు కోసుకుపోయిన కాలం. పై పొరలకు వచ్చేసరికి మళ్లీ తగ్గింది, ఆ తగ్గుదలకు కాలంతో జరిగే సహజ క్షీణత కారణం కాదు. అంటే ఇటీవలి బురదలో అడుగుమట్టి పాలు పెరిగింది. ఎగువన నడిచి చూస్తే సాక్ష్యం కళ్లముందే ఉంది. వంక తన అడుగును తనే తవ్వుకుంటూ లోతుకు దిగింది, రెండు పక్కలా ఒడ్లు నిలువు గోడలయ్యాయి, వంకలోకి దిగే ప్రతి చిన్న కోత కాలవ, అంటే గండి, తలా ఏటా చేలోకి ఇంకాస్త పాకుతోంది.

ప్రపంచంలో ఇది ఇక్కడి వింత కాదు. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ పగడపు దిబ్బల మీద పడుతున్న బురద ఎక్కువగా పశువుల బీళ్ల పైమట్టేనని మొదట్లో నమూనా లెక్కలు చెప్పాయి. బర్డెకిన్ వంటి నదుల పరీవాహకాల్లో సీజియం లాంటి గుర్తులతో వెతికాక, అందులో ఎక్కువ భాగం గండ్ల నుంచీ ఒడ్ల నుంచీ వచ్చే అడుగుమట్టేనని తేలింది. అక్కడి ప్రభుత్వం గండ్లు పూడ్చి పచ్చిక పెంచే పనులకు డబ్బు మళ్లించింది.

మా దగ్గర డబ్బు ఇంకా పూడికతీతకే పోతోంది. పూడిక తీయవద్దని నేననను. రేగడి ఒండ్రు గరుసు చేలకు తోలుకుంటే బలమేనని రైతులకు తెలుసు. అయితే అడుగుమట్టి నిండిన చెరువు నుంచి తోలుకుంటే ఆ బలం ఉండదు, సోడియం ఉంటే మేలుకు బదులు చేటు. తోలే ముందు టీ గ్లాసు పరీక్ష చేయమని ప్రతి ఊళ్లో చెప్తాను, ఖర్చు లేదు కాబట్టి. ఇక వంక సంగతి. గండి తల దగ్గర రాతి కట్టు వేసి, పైనుంచి దూకే నీటిని మెట్లుగా దించాలి. ఒడ్డు అంచున కొన్ని గజాలు దున్నకుండా వదిలి, గడ్డి, కానుగ నిలబెట్టాలి. చేని నీళ్లు ఇష్టం వచ్చిన చోట కాకుండా రాళ్లు పరిచిన ఒకే చోట వంకలోకి దిగాలి. ఆ గజాలు వదులుకునేది చిన్న రైతు. దానికి అతనికి ఏదో ఒక రూపంలో పరిహారం ఇవ్వకుండా ఊరికే హితబోధ చేయడం న్యాయం కాదు. చెరువు బాగుపడితే లాభం ఆయకట్టుది, భూమి పోయేది ఎగువవాడిది. ఒకసారి ఒక సమావేశంలో ఈ మాట పెట్టినప్పుడు, పూడికతీత అయితే ట్రాక్టర్ల లెక్కన బిల్లు రాసుకోవచ్చు, పూడకుండా ఆపినదాన్ని ఏ లెక్కలో రాయాలని ఒక అధికారి అడిగారు. ఆయన మనస్ఫూర్తిగానే అడిగారు. మా దగ్గర ఉన్న అంకెలు ఆ లెక్క రాయడానికే.

నది విషయంలో కూడా జనం మరిచే సంగతి ఒకటుంది. డ్యాం కట్టాక పైనుంచి ఇసుక దిగడం ఆగిపోయింది, నీళ్లతో పాటు గేట్లు దాటేది సన్న నలుసే. అంటే మంత్రాలయం, కోసిగి, నందవరం తీరాన ఈ రోజు కొత్తగా చేరే ఇసుకను చాలావరకు డ్యాం దిగువన కలిసే వంకలూ, హగరీ ఇవ్వాలి. వేదవతి అని పుట్టి, దిగువన హగరీ అనిపించుకునే ఆ నదికి కూడా ఎగువన 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం, రాయదుర్గం పక్క భైరవానితిప్ప అడ్డం ఉన్నాయి. కాబట్టి సిరుగుప్ప వైపు తుంగభద్రలో కలిసే హగరీ ఇసుక కూడా ఆ ఆనకట్టలకు దిగువ నేలలదే. 2009 అక్టోబరు వరదలో మంత్రాలయం మునిగింది, తీరం చేల మీద ఇసుక మేటలు వేసింది. ఆ ఇసుకను చూసి నది దగ్గర తరగనిది ఉందనుకున్నారు. నది దాచిపెట్టుకున్నదాన్ని పైకి తెచ్చింది, కొత్తగా తెచ్చింది కొంతే. రాత్రిళ్లు ట్రాక్టర్లు తోడుకుపోయే వేగానికీ, వంకలు ఇచ్చే వేగానికీ పొంతన లేదు. ఇసుక తీసేసిన చోట నది అడుగు దిగుతుంది. నది అడుగు దిగితే దానిలో కలిసే వంక కూడా తన అడుగును దించుకుంటూ ఎగువకు పోతుంది, ఒడ్లు మళ్లీ కూలతాయి. ఊరి చెరువు ఎగువన కూలే ఒడ్డుకీ ఏటి ఇసుకకీ సంబంధం ఉందంటే మొదట ఎవరూ నమ్మరు. వంక వెంట ఏరు దాకా వాళ్లను నడిపించుకుపోయి చూపిస్తే తప్ప.

ఈ ఏడు ముంగారు నుంచి బాటలను కూడా విడి మూలంగా చూస్తున్నాం. ఎమ్మిగనూరు, ఆదోని మధ్య పొలాలకు పోయే బాటల మీద గరుసు తోలుతున్నారు, పక్కన కాలవలు తవ్వి నేరుగా వంకలోకి వదులుతున్నారు. వాన పడితే ఆ కాలవలే ముందు ఎర్రబారతాయి. చిక్కేమిటంటే గరుసు గుట్టలు తవ్వి తెచ్చిన మట్టి కాబట్టి దాంట్లోనూ సీజియం ఉండదు. వంక ఒడ్డు నుంచి దాన్ని సీజియంతో విడదీయలేం, రసాయన గుర్తులే దిక్కు. అందుకని టిప్పర్ డ్రైవర్లను అడిగి, ఏ బాటకు ఏ గుట్ట గరుసు వచ్చిందో ఊరి వారీగా రాసుకుంటున్నాం. వాళ్లు మాకంటే బాగా చెప్తారు. ఒక్కో గుట్ట నుంచి ఒక సంచి తెచ్చి పెట్టాం. హింగారు వానలు మొదలయ్యేలోగా వాటిని ఎండబెట్టి జల్లెడ పట్టాలి.